సెలవుల్లో అందరం కూర్చుని కృతజ్ఞత చెప్పుకుందామంటే మనసులో ఏమీ అనిపించట్లేదు, నాలో ఏదైనా లోపమా?

మీరు రాసింది మొత్తం చదివానండీ. సెలవులిచ్చారు, చాన్నాళ్లకి అందరూ ఒకేసారి ఇంట్లో ఉన్నారు, ఒక రాత్రి భోజనాలయ్యాక ఈ ఏడాదిలో దేనికి కృతజ్ఞతగా ఉన్నామో ఒక్కొక్కరం చెప్పుకుందాం అన్నారు, పదేళ్ల బాబు "అమ్మ, నాన్న, నా గేమ్" అని గబగబా అనేసి లేచిపోయాడు, పద్నాలుగేళ్ల పాప "ఇప్పుడిదంతా ఎందుకమ్మా" అంది, మీ వంతు వచ్చేసరికి మీకు కూడా కుటుంబం, ఆరోగ్యం, స్నేహితులు అన్న మూడు మాటలే దొరికాయి, అవి అంటున్నప్పుడు లోపల ఏమీ కదల్లేదు. పైగా ఈ సెలవుల్లో కాసేపు బొమ్మలు వేసుకుందామని కూర్చుంటే పిల్లల టైమ్ తినేస్తున్నట్టు గిల్టీగా ఉంది. నేను కృతజ్ఞత లేని మనిషినా అని అడిగారు.

సూటిగా చెప్తాను, కాదు. మీరు వేసుకున్న ప్రశ్న మరీ పెద్దదైపోయింది, అంతే. కుటుంబం అన్న మాట పలకగానే ఎవరికీ గుండె కదలదండీ. మీకు ఒంట్లో బాగాలేని రాత్రి ఇంట్లో ఎవరో అలారం పెట్టుకుని మరీ లేచి మీ నుదురు మీద చెయ్యి వేసి చూసిన సంగతి గుర్తొస్తే కదులుతుంది. అందుకని లిస్ట్ పక్కన పెట్టేయండి. ఒక మనిషిని తీసుకోండి, ఆ మనిషి చేసిన ఒక్క పనిని తీసుకోండి, ఆ పని చేయడానికి వాళ్లు ఏం వదులుకున్నారో ఆలోచించండి, తర్వాత ఆ ముక్క వాళ్లకే చెప్పండి. ఈ సెలవుల్లో ఇదొక్కటి చేసినా చాలు. బొమ్మల విషయంలో మీ గిల్ట్ కూడా ఇదే దారిలో తగ్గుతుంది, కింద రాస్తాను.

నేను చాలా ఏళ్లుగా ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇప్పుడు వాళ్లు పెద్దవాళ్లైపోయి సెలవులకి మాత్రమే ఇంటికొస్తారు. పండగ సెలవులు, ఏడాది చివరి సెలవులు అయిపోగానే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మీరు అడిగిందే వేరే మాటల్లో అడుగుతారు. "అన్నీ ఉన్నాయి మేడమ్, ఏమీ లేనట్టుంది" అంటారు. కాబట్టి మీరు ఒక్కరే కాదు.

ఎందుకిలా అవుతుందంటే, రెండు కారణాలు నాకు బాగా కనిపిస్తాయి.

మొదటిది అలవాటు పడిపోవడం. తిరుగుతున్న ఫ్యాన్ శబ్దం ఆగిపోయినప్పుడే మనకి వినిపించినట్టు, రోజూ ఉన్నది మనసుకి కనపడటం మానేస్తుంది. సైకాలజీలో ఇది పాత సంగతే, బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు 1971లోనే రాశారు, మంచి జరిగినా చెడు జరిగినా కొన్నాళ్లకి మనిషి మళ్లీ తన మామూలు స్థాయికి వచ్చేస్తాడని. అంటే మీ మనసు పాడవలేదు, అన్ని మనసులూ చేసే పనే మీదీ చేస్తోంది.

రెండోది ఇంకా ముఖ్యం, కానీ దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. అవతలివాళ్లు మనకోసం చేసే పని చాలావరకు మనం చూడని టైమ్‌లో జరుగుతుంది. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే సైకాలజిస్టులు భార్యాభర్తల్ని విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో ఒక్కోదాంట్లో నీ వాటా ఎంత అని. ఇద్దరూ చెప్పిన వాటాలు కలిపితే చాలా పనుల్లో నూరు శాతం దాటిపోయింది. ఎవరూ కావాలని గొప్పలు చెప్పుకోలేదు, నేను చేసిన పని నాకు చెమటతో సహా గుర్తుంటుంది, మీరు చేసింది నాకు అయిపోయిన పనిగా మాత్రమే కనిపిస్తుంది, అది కూడా కనిపిస్తేనే. సెలవుల్లో అయితే ఇది రెట్టింపవుతుంది, అందరూ ఇంట్లో ఉంటారు, పని పెరుగుతుంది, ప్రతి ఒక్కరికీ నేనే ఎక్కువ చేస్తున్నాను అనిపిస్తుంది, ఆ మూడ్‌లో కూర్చుని కృతజ్ఞత చెప్పమంటే నోట్లోంచి ఏం వస్తుంది చెప్పండి.

అందుకే నేను కృతజ్ఞతల లిస్ట్ రాయమని ఎవరికీ చెప్పను, వేరేది రాయమంటాను. ఈ రోజు మీరు చేయకుండానే అయిపోయిన పనులు రాయండి. పొద్దున్నించి రాత్రి దాకా మీ చెయ్యి పడకుండా మీకోసం ఏమేం జరిగిపోయాయి. ఫోన్ ఛార్జింగ్‌కి ఎవరు పెట్టారు, బాత్రూమ్‌లో అయిపోయిన సబ్బు ఎవరు మార్చారు, గేటు తాళం ఎవరు వేశారు, బాబు స్కూల్ ఫామ్ మీద ఎవరు సంతకం పెట్టి బ్యాగ్‌లో పెట్టారు. రాస్తుంటే కొన్నిచోట్ల ఆగిపోతారు, ఇది ఎవరు చేస్తున్నారో నాకు తెలీదే అని. నాకు కావాల్సింది ఆ ఆగడమే. వెళ్లి అడగండి.

ఒకాయన గుర్తొస్తాడు నాకు. భార్యాభర్తలిద్దరూ ఒకరి మీద ఒకరు బాగా విసిగిపోయి వచ్చారు, ఇద్దరికీ ఈ లిస్ట్ ఇచ్చి పంపాను. వచ్చేవారం ఆయన కాగితం మీద ఒక లైన్ పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకొచ్చాడు. "మా అమ్మ సాయంత్రం బీపీ మాత్ర టైమ్‌కి వేసుకుంటోంది" అని రాసుకున్నాడు, వేరే ఊళ్లో ఉండే ఆమెకి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది, మరి ఎలా వేసుకుంటోంది అని అతనికి ఆ రోజే అనుమానమొచ్చింది. ఇంటికెళ్లి అడిగితే తెలిసింది, రోజూ సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తూ దారిలో భార్య ఫోన్ చేస్తోంది, మాత్ర వేసుకుని మంచినీళ్లు తాగేదాకా లైన్‌లోనే ఉంటోంది. ఎన్నాళ్లుగానో. ఆవిడ గొప్పగా చెప్పుకోనూ లేదు, దాచనూ లేదు, ఆయన అడగలేదు అంతే. వాళ్ల గొడవలన్నీ ఆ ఒక్కదాంతో తీరిపోయాయని నేను చెప్పను, కానీ ఆ రోజునుంచి ఆయన ఆవిడతో మాట్లాడే తీరు మారింది, అది నేను చూశాను.

ఇక చెప్పడం గురించి. చాలామంది "థాంక్స్, నువ్వు లేకపోతే నా పని అయ్యేది కాదు" అంటారు. తప్పులేదు, కానీ ఆ వాక్యం మొత్తం నా గురించే కదా, నాకు ఏం కలిసొచ్చిందో చెప్తోంది. సారా అల్గో అనే పరిశోధకురాలి టీమ్ జంటలు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకుంటుంటే గమనించి 2016లో రాసిందేంటంటే, నాకు జరిగిన మేలు గురించి మాట్లాడినప్పటికన్నా ఆ పని చేసిన మనిషిలోని మంచిని పేరుపెట్టి చెప్పినప్పుడు వినేవాళ్లకి వీళ్లు నన్ను అర్థం చేసుకున్నారు అనిపిస్తోందట. నా అనుభవంలో కూడా ఇదే. "నువ్వు లేకపోతే నా పని అయ్యేది కాదు" అనే బదులు "ఆ రోజు నీకే ఒంట్లో బాగాలేదు, అయినా మా నాన్నని టెస్టులకి నువ్వే తీసుకెళ్లావు, ఒకళ్లు కష్టంలో ఉంటే నువ్వు లెక్కలు వేసుకోవు" అని చూడండి. వినేవాళ్ల ముఖంలోనే తేడా తెలుస్తుంది.

ఎదురుగా చెప్పాలంటే నోరు రాకపోతే రాయండి, చిన్న కాగితమైనా, మెసేజ్ అయినా పర్లేదు. వాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుందేమో, ఇదేంటి కొత్తగా అనుకుంటారేమో అని చాలామంది రాసి కూడా పంపరు. దీనిమీద అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనేవాళ్లు 2018లో చేసిన పరిశోధన ఒకటుంది, రాసినవాళ్లు ఊహించుకున్నంత ఇబ్బంది అందుకున్నవాళ్లకి అనిపించలేదు, వీళ్లు అనుకున్నదానికన్నా వాళ్లు ఎక్కువ సంతోషపడ్డారు. భాష బాగుందా లేదా అని రాసినవాళ్లు మథనపడితే, అందుకున్నవాళ్లు చూసింది అందులో ఉన్న ఆప్యాయతని. కాబట్టి పంపేయండి.

రోజూ చేయాలా అంటే, అక్కర్లేదు. రోజూ డైరీలో మూడు పాయింట్లు రాయమని అందరూ చెప్తారు, కొందరికి బానే పనిచేస్తుంది. కానీ సోన్యా ల్యుబోమిర్‌స్కీ టీమ్ ఆరు వారాలు చేయించి చూసినదాంట్లో వారానికి ఒక్కసారి రాసినవాళ్లకే సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకి పెరగలేదు. రోజూ చేస్తే అది కూడా పళ్లు తోముకోవడంలాగా అయిపోతుందని నా ఉద్దేశం. ఎమ్మన్స్, మెకల్లా 2003లో రాసిన పేరున్న పరిశోధనలో కూడా మొదటి ప్రయోగంలో పది వారాలపాటు వారానికొకసారే రాయించారు, చిరాకులు రాసినవాళ్లతో పోలిస్తే కృతజ్ఞతలు రాసినవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా ఫీలయ్యారు. వారంలో ఒక పూట, ఒక మనిషి, ఒక పని. అంతకన్నా ఎక్కువ పెట్టుకోకండి.

ఇంకో పద్ధతి కూడా ఉంది, మరీ మొద్దుబారినట్టు అనిపించే రోజుల్లో వాడేది. ఉన్నదాన్ని లెక్కపెట్టకుండా, అది అసలు లేకుండా పోయే అవకాశం ఎంత దగ్గరగా వచ్చి తప్పిపోయిందో ఆలోచించడం. 2008లో మింక్యుంగ్ కూ, ఇంకొందరు కలిసి రాసిన పేపర్‌లో, భాగస్వామిని ఎలా కలిశాం అని రాసినవాళ్లకన్నా, ఎలా కలవకుండా పోయి ఉండేవాళ్లం అని రాసినవాళ్లు తమ బంధంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. మీ దగ్గరి స్నేహితురాలిని తీసుకోండి, ఆ రోజు మీరు ఆ బస్సు ఎక్కకపోయి ఉంటే, ఆ సెక్షన్‌లో సీటు రాకపోయి ఉంటే అని ఓ పది నిమిషాలు నిజంగా రాసి చూడండి. ఎవరినైనా పోగొట్టుకుని ఇంకా కోలుకోనివాళ్లు మాత్రం ఇది చేయొద్దు, వాళ్లకి గాయం కెలికినట్టవుతుంది.

పిల్లల విషయానికొస్తా, మీ అసలు బాధ సగం అక్కడే ఉందనిపించింది.

ముందుగా, మీ పాప "ఎందుకమ్మా" అనడం కృతజ్ఞత లేకపోవడం కాదు. పద్నాలుగేళ్ల వయసులో అందరిముందు మనసు విప్పి చెప్పమంటే ఆ ప్రశ్నే వాళ్లకి పరీక్షలా ఉంటుంది. ఆండ్రియా హసాంగ్ అని నార్త్ కరోలినా యూనివర్సిటీలో పిల్లల్లో కృతజ్ఞత ఎలా పెరుగుతుందని పనిచేసిన ఆవిడ, దీన్ని నాలుగు ముక్కలుగా చెప్తారు, గమనించడం, దాని గురించి ఆలోచించడం, లోపల అనిపించడం, ఆ తర్వాత ఏదైనా చేయడం. మనం తల్లిదండ్రులం చివరిది ఒక్కటే పట్టుకుంటాం, "ఆంటీకి థాంక్యూ చెప్పు" అని భుజం మీద తడతాం. వాడు చెప్తాడు, పరిగెత్తి వెళ్లిపోతాడు. మొదటి మూడూ జరగనే లేదు.

చిన్నవాడికి బహుమతి వచ్చినప్పుడు థాంక్యూ చెప్పించడం మానొద్దు, మర్యాద మర్యాదే. కానీ రాత్రి పడుకునేటప్పుడు తీరిగ్గా అడగండి, "ఇది నీకు నచ్చుతుందని బాబాయికి ఎలా తెలిసిందంటావు?" అని. వాడు ఆలోచిస్తాడు. "మొన్న వచ్చినప్పుడు నేను డైనోసార్ల పేర్లన్నీ చెప్పా కదా, గుర్తుపెట్టుకున్నాడేమో" అంటాడు. అక్కడ వాడికి అందేది బొమ్మ కాదు, బాబాయి తన మాట విన్నాడన్న సంగతి. పదేళ్ల పిల్లలు దీన్ని బాగా పట్టుకుంటారు, మనం ఆ ప్రశ్న అడగం అంతే.

పెద్ద పిల్లలకి ప్రశ్నలు వద్దు. టీనేజ్ పిల్లల దగ్గర కృతజ్ఞత ముందు మీరు చెప్పాలి, వాళ్లకి, వాళ్లు చేసినదానికి, తిరిగి ఏమీ ఆశించకుండా. ఒక తల్లి తన కూతురితో కార్డులు రాయించాలని నా సలహా అడిగింది, ఆ అమ్మాయి రాయనంటోందని. కార్డులు వదిలేయండి, మీరేం చెప్పగలరో చూడండి అన్నాను. ఆవిడ వెతుక్కుంది. ఆ ఏడాది వాళ్లాయన కొన్నాళ్లు హాస్పిటల్‌లో ఉన్నాడు, ఈవిడ అక్కడా ఇంటికీ తిరిగింది, ఆ రోజుల్లో చిన్నపిల్లాడి చదువు ఎవరు చూశారో ఆలోచించే ఓపిక కూడా లేదు. ఇప్పుడు సెలవుల్లో వాడి నోట్‌బుక్కులు సర్దుతుంటే ఒకదాంట్లో లెక్కల పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాల్లో "ఇక్కడ ఒకటి తీసుకోవడం మర్చిపోయావు, మళ్లీ చెయ్యి" అని ఉంది. కూతురి చేతిరాత. చాలా పేజీల్లో. ఆవిడ ఆ పుస్తకం తీసుకెళ్లి కూతురికి చూపించి, ఇది నేనిప్పుడే చూశాను, అప్పుడు నీకూ పరీక్షలున్నాయి, అయినా నువ్వు చేశావు, నాకు చెప్పను కూడా లేదు అంది. ఆ అమ్మాయి "వాడికి తీసివేతలు రావమ్మా" అని మాత్రం అంది. ఆ సాయంత్రం తనంతట తను వచ్చి తల్లి పక్కన కూర్చుని హాస్పిటల్ రోజుల గురించి మాట్లాడింది, అప్పటిదాకా ఆ విషయం ఎత్తలేదట. కార్డు ఎవరికీ రాయలేదు, రాయకపోయినా నష్టం లేదు.

ఒకటి మాత్రం అస్సలు చేయొద్దు. "నీకెన్ని ఉన్నాయో చూడు, లేనివాళ్లు ఎంతమందున్నారో తెలుసా" అన్న మాట. ఇది వినగానే పిల్లలకి కలిగేది సిగ్గు, తర్వాత కోపం. కృతజ్ఞతని బెత్తంలా వాడితే పిల్లలు ఆ మాట వినిపించినప్పుడల్లా ముడుచుకుపోతారు, పెద్దయ్యాక కూడా.

చుట్టూ ఉన్న మనుషుల గురించి కొంచెం. మీ లిస్ట్‌లో స్నేహితులు ఉన్నారు కానీ చుట్టుపక్కలవాళ్లు లేరు, చాలామంది లిస్టుల్లో ఉండరు. నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఒక వారం మీరు కనిపించకపోతే ఎవరు గమనిస్తారు? ఒక వారం ఎవరు కనిపించకపోతే మీరు గమనిస్తారు? రెండో ప్రశ్నకి వచ్చే పేర్లు ఆశ్చర్యంగా ఉంటాయి, కొన్నిటికి అసలు పేరే తెలీదు, పొద్దున్నే బస్‌స్టాప్‌లో తలూపే పెద్దాయన, లైబ్రరీలో బాబు కోసం సిరీస్‌లో తర్వాతి పుస్తకం తీసి పక్కన పెట్టే ఆవిడ. జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ 2014లో చూపించింది కూడా ఇదే, దగ్గరివాళ్లే కాదు, ఇలా ముఖపరిచయం ఉన్నవాళ్లతో మామూలు కన్నా ఎక్కువగా పలకరింపులు జరిగిన రోజుల్లో మనుషులు ఎక్కువ సంతోషంగా ఉన్నామని, నలుగురిలో ఉన్నామని చెప్పారు. సెలవుల్లో ఈ పలకరింపులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, ఆఫీసు లేదు, స్కూల్ గేటు దగ్గర మాటల్లేవు, ఇంట్లో అందరూ ఉన్నా ఏదో వెలితిగా ఉందనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు, మీరు గమనించుకోండి.

ఏ సంఘం అయినా, అపార్ట్‌మెంట్ వాళ్లదో, పాటల గ్రూపో, పిల్లల ఆటల టీమో, దాన్ని నిజంగా నడిపించేది హాలు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో వాళ్లు. అందరికన్నా ముందొచ్చి తలుపు తీస్తారు, అందరూ వెళ్లాక లైట్లు ఆర్పి కుర్చీలు మడతపెట్టి గోడకి ఆనించి వెళ్తారు. ఫొటోల్లో వాళ్లు ఉండరు, ఎందుకంటే ఫొటో తీసేది వాళ్లే. సంఘానికి కృతజ్ఞత చెప్పాలంటే స్టేజీ మీద మాటలకన్నా ఒక నెల ఆ తాళంచెవి మీరు తీసుకోవడం మేలు. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, కుర్చీలు మడతపెట్టనివ్వండి. నేను చూసినంతలో పిల్లలకి ఏ ఉపన్యాసంకన్నా ఇది బాగా ఎక్కుతుంది, వచ్చేసారి ఫంక్షన్‌కి వెళ్లినప్పుడు ఇవన్నీ ఎవరు వేశారు అని వాళ్లే అడుగుతారు.

ఇప్పుడు మీ బొమ్మలు.

హాబీ అంటే కుటుంబం నుంచి కోసుకున్న టైమ్ అని మీరు అనుకుంటున్నారు కాబట్టి గిల్ట్ వస్తోంది. నేను దాన్ని ఇంకోలా చూస్తాను. ఆ గంట మీకు ఎవరో ఇచ్చారు. ఎవరో పిల్లల్ని చూస్తున్నారు, లేదా పిల్లలే తలుపు తట్టకుండా ఆగారు, ఇంకా వెనక్కి వెళ్తే ఎవరో మీ చేతికి మొదటి బ్రష్ ఇచ్చారు, రంగు ఎండకముందే రెండోది వేయొద్దని చెప్పారు. ఇచ్చినదాన్ని హాయిగా అనుభవించడం కూడా కృతజ్ఞతే. ఒకళ్లు మనకోసం ఒక గంట ఖాళీ చేసిస్తే ఆ గంటంతా అపరాధభావంతో కూర్చుంటే వాళ్లు ఇచ్చింది వృథా అయినట్టే కదా.

నాకు పాత కుర్చీలు, బల్లలు బాగుచేయడం ఇష్టం. మొత్తం విప్పి, పాత పాలిష్ గీకి, గరుకు కాగితంతో మొదలుపెట్టి మెత్త కాగితం దాకా రుద్దుకుంటూ పోవాలి, చెక్క గీత వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి పాలిష్ వేశాక అన్నీ బయటికి కనిపిస్తాయి. కౌన్సెలింగ్‌లో రోజంతా మాటలు విన్నాక మాటల్లేని ఈ పని నన్ను నిలబెడుతుంది. దీంట్లో నేను ఒక్కదాన్నే అనుకునేదాన్ని కానీ లెక్కేస్తే ఇంటిల్లిపాదీ ఉన్నారు. పొట్టు ఇంట్లోకి రాకుండా తలుపు కింద తడిగుడ్డ పెట్టేది మా ఆయన. సెలవుల్లో మా అబ్బాయి వచ్చినప్పుడు ఊగిపోతున్న కుర్చీ కాలు ఒకటి అతికిస్తున్నాను, బిగించే క్లాంప్ ఆ వంపు దగ్గర పట్టట్లేదు, వాడు జిగురు పట్టేదాకా ఆ కాలిని రెండు చేతులతో నొక్కిపట్టుకుని కింద కూర్చున్నాడు. ఫోన్ తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ కాసేపట్లో వాడి ఉద్యోగం గురించి, వాడికి నచ్చని బాస్ గురించి, ఇంకా చాలా చెప్పాడు, డైనింగ్ టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అందులో సగం కూడా చెప్పేవాడు కాదు. కాబట్టి హాబీ కుటుంబానికి పోటీ అని నేనెప్పుడూ అనను.

హాబీ ఉన్నవాళ్ల గురించి పెద్ద పరిశోధన కూడా ఉంది, 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది, 16 దేశాల్లో 65 ఏళ్లు దాటిన 93,263 మంది సమాచారం చూశారు. హాబీ ఉందని చెప్పినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు తక్కువ, సంతోషం, జీవితం పట్ల తృప్తి ఎక్కువ కనిపించాయి. హాబీ వల్లే అలా ఉన్నారని దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి హాబీలు పెట్టుకునే ఓపిక ఉంటుంది కూడా. కానీ మీ వయసులో బ్రష్ కింద పెట్టేస్తే రేపు తీరిక దొరికిన రోజుకి మళ్లీ అంత తేలిగ్గా చేతికి రాదు, నా దగ్గరికొచ్చే రిటైరైనవాళ్లని చూసి చెప్తున్నాను. వేసుకోండి బొమ్మలు. పిల్లలు మీ పక్కన కూర్చుంటామంటే ఒక కాగితం ఇవ్వండి, వద్దంటే వదిలేయండి, మరీ నేర్పించే క్లాస్ చేయకండి.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, ఇవి చెప్పకుండా వదిలేస్తే నా సమాధానం సగమే అవుతుంది.

కృతజ్ఞత వేరు, సర్దుకుపోవడం వేరు. ఇంటి చాకిరీ మొత్తం ఒక్కరి మీదే పడుతుంటే ఆ మనిషికి కావాల్సింది కృతజ్ఞత పాఠం కాదు, పని పంచుకునే చేతులు. మీరు రాసినదాంట్లో సెలవులకి వచ్చే బంధువుల పనంతా మీరే చూసుకుంటున్నట్టు ఒక లైన్ ఉంది, దాని గురించి ఇంట్లో విడిగా, గట్టిగా మాట్లాడండి. అమ్మ చాలా ఓపికమంతురాలు అని అందరూ చేతులు జోడించి, గిన్నెలు మళ్లీ ఆవిడకే వదిలేసే ఇళ్లు నేను చాలా చూశాను. అలాగే మనల్ని మాటలతోనో చేతలతోనో హింసించేవాళ్లలో మంచి వెతకమని ఎవరు చెప్పినా వినొద్దు.

దగ్గరివాళ్లని పోగొట్టుకున్న ఏడాదిలో సెలవులు వేరుగా ఉంటాయి. ఇంట్లో ఒక మనిషి లేని మొదటి సెలవులైతే కృతజ్ఞత ఆట అసలు పెట్టకండి. ఆ మనిషి గురించి మాట్లాడుకోండి, ఏడుపొస్తే రానివ్వండి, వాళ్లు మనకి చేసినవి ఆ మాటల్లో వాటంతటవే వస్తాయి.

ఇంకోటి, కృతజ్ఞత మందు కాదు. 2021లో క్రెగ్, చీవెన్స్ అనే ఇద్దరు 27 పరిశోధనలు కలిపి చూసి, డిప్రెషన్, ఆందోళన తగ్గించడంలో కృతజ్ఞత వ్యాయామాల ప్రభావం చిన్నదేనని తేల్చారు. అందుకే అడుగుతున్నాను, ఈ ఏమీ అనిపించకపోవడం ఒక్క కృతజ్ఞత దగ్గరేనా, అన్నిటిలోనా? బొమ్మలు వేస్తున్నప్పుడు బాగుంటోందని రాశారు కాబట్టి నాకు పెద్దగా భయం లేదు. కానీ ఎప్పుడూ ఇష్టంగా చేసే పని మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి మారిపోయి, ఏం చేసినా అంతే అన్నట్టు రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అది మీ గుణం కాదు, వైద్యం ఉన్న జబ్బు. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మాత్రం రెండు వారాలు చూడకండి, ఆ రోజే వెళ్లండి, దగ్గరివాళ్లకి చెప్పండి.

ఇవేవీ మీకు వర్తించకపోతే, ఈ వారం ఒక్క మనిషితో మొదలుపెట్టండి. ఎవరితో అని అడిగితే మీ పాపతోనే అంటాను, ఈ ఏడాది తను మీకు చెప్పకుండా చేసిన పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి, తను ఒక్కతే ఉన్నప్పుడు చెప్పండి, తమ్ముడి ముందు వద్దు. చెప్పాక జవాబు కోసం ఎదురుచూడకుండా మీ పని మీరు చేసుకోండి. ఏమైందో తర్వాత వీలైతే ఇక్కడ రాయండి, దాన్నిబట్టి బాబుతో ఎలా వెళ్లాలో ఇంకొంచెం చెప్తాను.